బాబాయ్ గారు ఎక్కిన పెద్దగుడి

జనవరిలో అమెరికాలో మా హెర్న్‌డన్ చలి గాలిలోంచి కాదు, నేలలోంచి ఎక్కుతుంది. ఆదివారం మధ్యాహ్నాలు మా తెలుగు ఆరాధన జరిగే హాలు ఒక అమెరికన్ లూథరన్ చర్చి వాళ్ళది. పొద్దున వాళ్ళ ఆరాధన, మధ్యాహ్నం మాది. పోయిన ఆదివారం అక్కడ హీటర్ పాడైంది. గుమ్మం దగ్గర బూట్లు విప్పి, ఉన్ని మేజోళ్ళతో లోపల అడుగు పెట్టేసరికి టైల్స్ చల్లదనం మడమల్లోంచి మోకాళ్ళ దాకా పాకింది. హాలు తాళాలు చూసుకునే డోరతీ అనే పెద్దావిడ నా పాదాల వైపు చూసి, "హనీ, నీ కాళ్ళు గడ్డకట్టిపోతాయి. మీ వాళ్ళెవరూ విప్పడం లేదుగా, నిన్నెవరు విప్పమన్నారు?" అని ఇంగ్లీషులో మందలించింది. నవ్వి ఊరుకున్నాను. దానికి జవాబు చెప్పాలంటే శేషగిరి బాబాయ్ గారి గురించి చెప్పాలి. ఆయన గురించి చెప్పాలంటే హెల్సింకీలో ఒక కెథడ్రల్ మెట్ల గురించి చెప్పాలి. పాట మొదలుపెట్టేశారు, అంత టైము లేదు. అప్పుడు చెప్పలేనిది ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను.

నేను ఈ ఊరికి హెచ్‌వన్‌బీ మీద వచ్చిన కొత్తలో శేషగిరిరావు గారు మా టీమ్ లీడ్. తెనాలి దగ్గర పల్లెటూరు వాళ్ళది. సన్నగా, పొడుగ్గా, నుదుట చిన్న విభూతి రేఖతో ఉండేవారు. నాకప్పటికి డ్రైవింగ్ రాదు. ఇక్కడ కారు లేని మనిషికి కాళ్ళు లేనట్టే కాబట్టి ఆఫీసుకి కూడా ఆయన కార్‌లోనే వెళ్ళేదాన్ని. వచ్చిన మొదటి వారంలోనే, ఇంటి మీద బెంగ ఎక్కువై, "సార్, ఇక్కడ దగ్గర్లో గుడి ఏమైనా ఉందా? ఆదివారం వెళ్ళాలి" అని అడిగాను. ఆయన ముఖం వెలిగిపోయింది. "ఈ కాలం పిల్లల్లో ఇలా అడిగేదాన్ని నిన్నే చూశాను. నేను తీసుకెళ్తా, రెడీగా ఉండు" అన్నారు.

తప్పు ఎక్కడ జరిగిందో తెలుగునాట మా వైపు వాళ్ళకి మాత్రమే అర్థమవుతుంది. రేపల్లె అవతల, ఊరికి ఎడంగా ఉన్న మా పేటలో చర్చిని చర్చి అనం. గుడి అంటాం. ఆదివారం పొద్దున్నే గుడిగంట మోగుతుంది, పిల్లలకి తలలు దువ్వి గుడికి తీసుకెళ్తారు, ఆలస్యమైతే గుడిపెద్ద చేత చీవాట్లు తింటాం. టౌన్లో దొరల కాలంలో కట్టిన రాతి చర్చి పెద్దగుడి. మాకు అది తప్ప వేరే మాట తెలియదు. ఆ మాట వేరేవాళ్ళకి వేరే అర్థం ఇస్తుందన్న సంగతి ఆ ఆదివారం కారు ఒక గాలిగోపురం ముందు ఆగేదాకా నా బుర్రకి తట్టలేదు.

అంత దూరం డ్రైవ్ చేసుకుని తెచ్చిన పెద్దాయనకి ఏం చెప్పను? చెప్పులు విప్పి ఆయన వెనకే నడిచాను. పూజారి గారు అర్చనకి "గోత్రం?" అని నన్నడిగారు. నాకు తెలిసిన గోత్రాలన్నీ బైబిల్లోవి: యూదా, లేవీ, బెన్యామీను. ఈ కాలం పిల్లకి గోత్రం కూడా తెలియదనుకున్నారు కాబోలు, శేషగిరి గారు చటుక్కున, "భారద్వాజ అనుకోండి స్వామీ, మా అమ్మాయే" అన్నారు. తిరిగి కారెక్కాక ఇక దాచలేక చెప్పేశాను. "సార్, మా పేటలో చర్చినే గుడి అంటామండీ."

ఆయన కారు పక్కకి తీసి ఆపి మరీ నవ్వారు. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. "అక్కడే చెప్పొచ్చు కదే తల్లీ! అన్యాయంగా నిన్ను మా భారద్వాజ గోత్రంలో కలిపేశాను!" అన్నారు. నేనూ నవ్వాను. నవ్వు తగ్గాక ఆయన కళ్ళజోడు పెట్టుకుని, రోడ్డు మీదే చూపు పెట్టి నడిపారు. పేట అనగానే, గుడి అనగానే తెనాలి వైపు మనిషికి మా కులమేదో అర్థమైపోతుందని నాకు తెలుసు. ఇక సోమవారం నుంచి ఆఫీసుకి వేరే రైడ్ చూసుకోవాలి కాబోలని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. మా అపార్ట్‌మెంట్ ముందు దింపుతూ అడిగారు, "మీ గుడి ఎన్నింటికి?" ఇంకా కనుక్కోలేదంటే, "కనుక్కో. వచ్చే వారం అక్కడికి వెళ్దాం. ఇంకో సంగతి. సార్ ఆఫీసులో. గుడికి తీసుకెళ్ళేవాణ్ణి బాబాయ్ అనాలి" అన్నారు.

అలా మొదలైంది. నాకు లైసెన్స్ వచ్చేదాకా, వచ్చాక కూడా స్నో పడిన ప్రతి ఆదివారం, ఆయనే తీసుకెళ్ళారు. కానీ ఒక్కసారి కూడా లోపలికి రాలేదు. పార్కింగ్‌లో కారు ఆపుకుని, ఫ్లాస్కులో కాఫీ పోసుకుని, పాత పాటలు పెట్టుకుని కూర్చునేవారు. "లోపలికి రండి బాబాయ్ గారూ, చలి" అంటే, "నాకు కారే హాయిగా ఉందమ్మా. నువ్వెళ్ళు" అనేవారు. మడి అనుకుందామంటే అదీ కాదు. ఆరాధన అయ్యాక మా ఆడవాళ్ళు ఆయన కోసం ప్రత్యేకంగా పులిహోర, పెరుగన్నం ఫాయిల్ ప్లేట్‌లో పెట్టి "కారు బాబాయ్ గారికి ఇవ్వు" అని పంపేవారు. ఆయన ఆ ప్లేట్ ఒళ్ళో పెట్టుకుని మెతుకు మిగల్చకుండా తినేవారు. పులిహోరలో ఇంగువ తక్కువైందని కబురు కూడా పంపేవారు. వండినవాళ్ళ చేతి అన్నానికి లేని అభ్యంతరం వాళ్ళ గుమ్మానికి ఎందుకో నాకు అంతుపట్టలేదు. అడగడానికి మాత్రం నోరు రాలేదు.

ఆఫీసులో ఆయన వేరే మనిషి. నేను మీటింగుల్లో ఎప్పుడూ గోడ వారగా వేసిన కుర్చీల్లో కూర్చునేదాన్ని. టేబుల్ చుట్టూ ఖాళీలున్నా సరే. నేను రాసిన ప్రోగ్రామ్ గురించి వేరే ఎవరైనా చెబుతుంటే వింటూ తల ఊపేదాన్ని. ఒకరోజు క్లయింట్ వాళ్ళందరి ముందూ ఆయన మధ్యలో ఆపి, "ఇది సునీత చేసిన పని. ఆవిడే చెబుతుంది" అని నా వైపు తిరిగారు. తర్వాత తెలుగులో, మెల్లగా, "వెనక కూర్చోవడం మీ ఇంటి ఆచారమా? లేచి రా ముందుకి" అన్నారు. లేచి ముందుకి వెళ్ళి చెప్పాను. ఆ రోజు నుంచి మా టీమ్‌లో నా కుర్చీ టేబుల్ దగ్గరే. ఆయన నాకు ఏం నేర్పారని ఎవరైనా అడిగితే కోడింగ్ అనీ, డ్రైవింగ్ అనీ చెబుతాను గానీ, అసలు నేర్పింది ఆ కుర్చీ.

కొన్నేళ్ళకి వాళ్ళావిడ పోయారు. మిగిలింది ఒక్కగానొక్క కూతురు స్రవంతి. పైచదువుకి ఫిన్లాండ్ వెళ్ళి, హెల్సింకీలోనే ఉద్యోగం చూసుకుని, మిక్కో అనే అక్కడి అబ్బాయిని చేసుకుంటానంది. దానికి బాబాయ్ గారు అంతగా బాధపడలేదు. పెళ్ళి ఆ ఊరి పెద్దగుడి అయిన కెథడ్రల్‌లో అన్నప్పుడు మాత్రం కంగారుపడ్డారు. మిక్కో తల్లికీ అమ్మమ్మకీ అక్కడే పెళ్ళయిందట. స్రవంతి తండ్రిని అడిగింది ఒకటే, చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించమని. ఆయన అవుననలేదు, కాదనలేదు. చివరికి ఒకరోజు లంచ్‌లో నా ఎదురుగా కూర్చుని, డబ్బా మూత కూడా తీయకుండా చెప్పారు. "నిన్న అమ్మాయి ఫోన్ చేసింది. 'నాన్నా, నువ్వు లోపలికి రాకపోతే ఒక్కదాన్నే నడుస్తాను. కానీ ఆ తర్వాత ఏమీ జరగనట్టు నాకు ఫోన్ చెయ్యకు' అంది. అన్న మాట మీద నిలబడే పిల్ల. వాళ్ళమ్మ పోలిక."

"మరి వెళ్తున్నారా?"

"ఆ ఊరిదాకా వెళ్తాను. ఆ గుమ్మం సంగతి మాట ఇవ్వలేను. నువ్వు తోడు రాకూడదూ? అక్కడ ఎప్పుడు లేవాలో, ఎప్పుడు కూర్చోవాలో నాకేం తెలుసు?"

అప్పటికి నాకు పెళ్ళయింది. మా ఆయన వెళ్ళమన్నాడు. వెళ్ళాను.

జూన్ నెల. హెల్సింకీలో పగలు ఎంతకీ అయిపోదు. పెళ్ళికి ముందురోజు స్రవంతి మమ్మల్ని కెథడ్రల్ చూపించడానికి తీసుకెళ్ళింది. విశాలమైన రాతి చౌకు, దాని మీంచి ఊరంతా కూర్చోగలిగినన్ని మెట్లు, మెట్ల పైన తెల్లటి గోడలు, ఆకుపచ్చ గుమ్మటాలు. బాబాయ్ గారు మెట్ల మొదట్లోనే చతికిలబడి, "మీరు చూసి రండమ్మా. నేనిక్కడ గాలి పీల్చుకుంటా" అన్నారు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. అక్కడ కూర్చోవడానికి కారు కూడా లేదు.

లోపల అంతా తెలుపు. బంగారం పూతలూ, రంగుల అద్దాలూ ఉంటాయనుకున్నాను, లేవు. బల్లలు, పైన దీపాల గుత్తులు, బలిపీఠం వెనక ఒక్క పటం. మూలల్లో సంస్కర్తల నిలువెత్తు విగ్రహాలు. వాటిలో ఒకాయన్ని దూరం నుంచే గుర్తుపట్టాను. మా పేట గుడిలో గోడ గడియారం కింద ఆయన బొమ్మున్న క్యాలెండర్ ఒకటి ఏళ్ళు మారినా మారకుండా వేలాడేది. లూథర్ గారు, మా లూథరన్ చర్చిలకి మూలపురుషుడు. మా అమ్మమ్మ ఆయన్ని కూడా గారు అనే పిలిచేది. పెంకుటి కప్పు కింద చాప మీద కూర్చుని చూసిన ముఖాన్ని ఇంత దూరంలో, ఇంత ఎత్తులో చూసేసరికి నాకు గర్వంగా అనిపించింది. మా గుడి చిన్నదే, కానీ చుట్టాలు పెద్దవాళ్ళే అనుకున్నాను. పక్కన స్రవంతి విగ్రహాల వైపు చూడడం లేదు. తెరిచిన తలుపులోంచి కింద మెట్ల మీద తండ్రి వీపు చూస్తోంది.

"అక్కా, నాన్న మీ చర్చ్ బయట కూడా ఇలాగే కూర్చుంటారా?"

"కారులో."

"అన్ని ఇయర్స్?" అని మళ్ళీ తలుపు వైపు తిరిగింది.

ఆ సాయంత్రం మిక్కో తల్లి హెలెనా గారింట్లో భోజనం. తలుపు తీయగానే వరసగా పేర్చిన బూట్లు. వాళ్ళూ ఇంట్లోకి బూట్లతో రారట. బాబాయ్ గారు ఎంత సంబరపడ్డారో! "అమెరికాలో ఇన్నేళ్ళున్నాను, మంచాల మీదకి కూడా బూట్లతో ఎక్కుతారు. వీళ్ళు మన వాళ్ళే!" అన్నారు. హెలెనా గారికి అది అనువదిస్తే ఆవిడ గట్టిగా నవ్వి, ఆయనకి మరో బంగాళాదుంప వడ్డించారు. ఆ రాత్రి ఆయన మనసు కుదుటపడిందనుకున్నాను.

మర్నాడు శనివారం. అక్కడ శనివారాలు పెళ్ళి వెనక పెళ్ళి. మా ముందు జంట బయటికి వస్తున్నారు, మా తర్వాత జంట అప్పుడే చౌకులో ఫొటోలు దిగుతున్నారు. పైన తలుపు దగ్గర తెల్ల గౌనులో స్రవంతి, పక్కన హెలెనా గారు. కింద మెట్ల మధ్యలో కొత్త సూటులో, కొత్త నల్ల బూట్లలో బాబాయ్ గారు ఆగిపోయారు. లోపల్నుంచి ఎవరో వచ్చి చేతి గడియారం చూపించి వెళ్ళారు.

"బూట్లు కరుస్తున్నాయా బాబాయ్ గారూ?"

ఆయన తల అడ్డంగా ఊపారు. "సునీతా, ఇన్నేళ్ళు కారులో ఎందుకు కూర్చున్నానో నువ్వొక్కసారీ అడగలేదు."

"మీ నమ్మకం మీది అనుకున్నాను."

"నమ్మకం కాదమ్మా. మొహం చెల్లక." ఆయన గొంతు తగ్గింది. "మా వీధి మొదట్లోకి రాగానే మా ఊరి పేట వాళ్ళు చెప్పులు విప్పి చేత పట్టుకునేవారు. ముసలివాళ్ళు కూడా. నేను మా అరుగు మీద కూర్చుని చూసేవాణ్ణి. విప్పమని మా ఇంట్లో ఎవరూ అరిచేవారు కాదు, అరవాల్సిన పనే ఉండేది కాదు. మా పొలం చేసే యేసోబు అని ఒకాయన ఉండేవాడు. ఆదివారం కొత్త చెప్పులు చంకలో పెట్టుకుని మా వీధి దాటేవాడు. అవతల వాళ్ళ గుడి, మీ గుడి లాంటిదే. అక్కడ మళ్ళీ బయట విడిచి వెళ్ళేవాడు. ఇంక ఆ చెప్పులు ఆయన ఎప్పుడు తొడుక్కున్నట్టు? అలాంటి గుడిలోకి ఈ బూట్లు టకటకలాడించుకుంటూ నేనెలా వస్తానమ్మా? ఎన్నిసార్లు కారు తలుపు తీశానో, ఎన్నిసార్లు వేసేశానో ఆ దేవుడికి తెలుసు."

నాకు కోపం వచ్చింది. ఆయన మీద కాదు, ఆ అరుగు మీద. మా తాత కూడా అలాగే నడిచాడు. ఆ సంగతి మా ఇంట్లో ఎప్పుడో ఒకసారి, ఎవరి గురించో చెబుతున్నట్టు చెప్పుకునేవారు. అదే సంగతి అరుగు మీంచి చూసిన మనిషి నోట నేను అంతవరకు వినలేదు. కోపంతో పాటే ఇంకేదో కూడా వచ్చింది. ఇన్ని చలికాలాలు ఒక మనిషి కారులో ఒంటరిగా కూర్చుని దీన్ని మోశాడా అన్న జాలి. పైన స్రవంతి మా వైపే చూస్తోంది. ఇక ఆలోచించే వ్యవధి లేదు. నోటికొచ్చింది చెప్పాను.

"మా తాతా అలాగే నడిచాడు బాబాయ్ గారూ. మీ వీధి లాంటి వీధిలోనే ఆయన చేత విప్పించారు. గుడి దగ్గర మాత్రం ఎవరూ విప్పమనలేదు, తనంతట తనే విప్పాడు. విప్పించడం వేరు, విప్పడం వేరు. ఆ తేడా తెలిసినవాళ్ళు లోపలికి రావచ్చు."

ఆయన ఆ రాతిమెట్టు మీద కూర్చుని, వంగి, లేసులు విప్పడం మొదలుపెట్టారు. ఒక ముడి పడిపోతే నేను సాయం చెయ్యబోయాను. "నువ్వు ముట్టుకోకు. నేనే విప్పుకోవాలి" అన్నారు. విప్పి, రెండు బూట్లూ చేత్తో పట్టుకుని, మేజోళ్ళతో మెట్లెక్కారు. ఫొటోలు దిగుతున్న జంట, టూరిస్టులు, అందరూ చూస్తున్నారు. ఆయన తల వంచలేదు. కుడి మేజోడు బొటనవేలి దగ్గర చిరుగు. నేను కళ్ళు తుడుచుకుంటూ వెనకాల ఎక్కాను.

"నాన్నా, షూస్!" అంది స్రవంతి.

"గుడి కదమ్మా," అన్నారాయన. "సునీత వాళ్ళ గుడి."

అది ఏం అర్థం చేసుకుందో గానీ తండ్రి భుజం మీద తల ఆనించి, పెట్టుకున్న కాటుకంతా పాడుచేసుకుంది. హెలెనా గారు ఒక్క క్షణం ఆయన పాదాల వైపు చూసి, "ఇంట్లోలాగా," అని ఇంగ్లీషులో అన్నారు. ఆయన చేతిలోంచి ఆ బూట్లు అందుకున్నారు. బయట పెట్టలేదు, ఎవరికీ ఇవ్వలేదు. పెళ్ళయ్యేంతసేపూ ముందు బల్ల మీద, తన పట్టు గౌను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఆర్గన్ మోగింది. ఆ తెల్లటి గుడి నడిమధ్య దారిలో బాబాయ్ గారు కూతుర్ని నడిపించారు. స్రవంతి హీల్స్ చప్పుడు వినబడుతోంది, ఆయన అడుగుల చప్పుడు లేదు. తర్వాత నా పక్కన నిలబడి, నేను లేస్తే లేచి, కూర్చుంటే కూర్చున్నారు. ప్రార్థనలో నేను కళ్ళు మూసుకుంటే, ఆయన మాత్రం ఒక కన్ను తెరిచి పెట్టుకున్నారట, నేనెప్పుడు లేస్తానో చూడ్డానికి.

హెర్న్‌డన్ తిరిగొచ్చాక మొదటి ఆదివారం నా కారు పక్కనే ఆయన కారు వచ్చి ఆగింది. ఆయన దిగి, కారు లాక్ చేసి, హాలు గుమ్మం దగ్గర బూట్లు విప్పి లోపలికి వచ్చారు. మా ఆడవాళ్ళంతా పాట ఆపేసినంత పని చేశారు. ఆయన ఎవరికీ కనబడనట్టు ఆఖరి వరస కుర్చీలో సర్దుకున్నారు. ఆ అవకాశం ఎలా వదులుకుంటాను? లేచి వెళ్ళి ఆయన చెవిలో చెప్పాను. "వెనక కూర్చోవడం మీ ఇంటి ఆచారమా బాబాయ్ గారూ? లేచి రండి ముందుకి." ఆయన కిసుక్కున నవ్వి, లేచి వచ్చారు. ఆ తర్వాత ఆయన మతం మారలేదు, విభూతి రేఖ మానలేదు. మేమూ ఆయన్ని మారమనలేదు. ఆదివారం ఒక పూట మా దగ్గర కూర్చునేవారు, పులిహోరలో ఇంగువ సంగతి ఇక ముఖాముఖీ చెప్పేవారు. స్రవంతి వారం వారం ఫోన్ చేసేది. ఒక్కోసారి మా హాలు బయటే నిలబడి దానితో మాట్లాడుతూ, హెలెనా గారిని అడిగానని చెప్పమనేవారు.

పోయిన చలికాలంలో ఆయన వెళ్ళిపోయారు. నాకు తండ్రి లాంటివాడు అని అందరూ అనే మాట అనను, ఆయన నాకు బాబాయ్. గోత్రం తెలియని పిల్లకి తన గోత్రం ఇచ్చేసి, తర్వాత ఎప్పుడూ తిరిగి అడగని బాబాయ్. దహనానికి వచ్చిన మా చర్చి వాళ్ళంతా, ఎవరూ చెప్పకుండానే, ఆ అంత్యక్రియల హాలు గుమ్మం బయట చెప్పులూ బూట్లూ విడిచారు. ఫిన్లాండ్ నుంచి వచ్చిన స్రవంతి ఆ కుప్పని చూసి గుమ్మంలోనే నిలబడిపోయి ఏడ్చింది.

పోయిన ఆదివారమే ఆరాధన అయ్యాక, బయట బెంచీ మీద కూర్చుని బూట్లు తొడుక్కుంటుంటే డోరతీ తాళాలు వేస్తూ మళ్ళీ వచ్చింది. పాదాలు ఇంకా తిమ్మిరిగానే ఉన్నాయి. "నువ్వు ఇంకా చెప్పలేదు హనీ," అంది. "ఎవరు విప్పమన్నారు?"

"ఎవరూ అనలేదు డోరతీ," అన్నాను. "అందుకే విప్పుతున్నాను."